జగదల్‌పూర్ నుంచి ప్యాకెట్: పొరపొరగా ఒక రేడియో టెర్మినల్

హైదరాబాద్ లాంటి నగరంలో ప్యాకెట్ రేడియో మొదలుపెట్టే హ్యామ్‌కు, అంటే అమెచ్యూర్ రేడియో ఆపరేటర్‌కు, ఒక సౌకర్యం ఉంటుంది. పంపింది వెళ్లిందో లేదో తేలకపోతే, నగరంలోనే ఉన్న మరో హ్యామ్‌ని పిలిచి "నా సిగ్నల్ ఎలా వస్తోంది?" అని అడగొచ్చు. బస్తర్‌లో, జగదల్‌పూర్‌లో కూర్చున్నవాళ్లు ఆ ఆసరా ఉందనుకుని పని మొదలుపెట్టకూడదు. ఇటు రాయపూర్, అటు విశాఖపట్నం, రెండూ రోడ్డు మీద దాదాపు 300 కిలోమీటర్లు. మధ్యలో ఉత్తరాన కేశ్‌కాల్ ఘాట్, తూర్పున కోరాపుట్ కొండలు. వీహెచ్ఎఫ్ తరంగం నేలబారున ఇంత దూరం పోదు. అందుకే ఇక్కడ టెర్మినల్ సాఫ్ట్‌వేర్ అమర్చుకునే పద్ధతే వేరుగా ఉండాలి. అవతలివాళ్లు చెబితే తప్ప తెలియని పరిస్థితి రాకుండా, ప్రతి పొరా పనిచేస్తోందని దానికదే రుజువు చూపించేలా ఒక్కొక్కటే నిలబెట్టుకుంటూ పోవాలి.

ఈ వ్యాసం ఆ పద్ధతి గురించే. జగదల్‌పూర్‌లో తెలుగు చదివే కుటుంబాలు తక్కువేమీ కాదు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వెళ్లే రైలు మార్గం ఈ ఊరి మీదుగానే పోతుంది. ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంటే, దాని బైలాడిల్లా గనులూ అది కట్టిన నగర్‌నార్ ఉక్కు కర్మాగారమూ బస్తర్ ప్రాంతంలో ఉన్నాయి. ఉద్యోగం మీదో వ్యాపారం మీదో ఇక్కడ స్థిరపడిన ఇళ్లలో ఎలక్ట్రానిక్స్ మీద మక్కువ ఉన్న పిల్లలుంటే, వాళ్లకిది పనికొస్తుందన్నది నా ఆశ.

ముందు ఈ శ్రమ ఎందుకో చూద్దాం. 1999 అక్టోబరులో ఒడిశాను సూపర్ సైక్లోన్ చావుదెబ్బ కొట్టినప్పుడు ఫోన్లు మూగబోయాయి. అప్పుడు హైదరాబాద్ నుంచి హ్యామ్‌లు సెట్లు తీసుకుని వెళ్లారు. 2004 డిసెంబరులో సునామీ వచ్చిన రోజున హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం పోర్ట్‌బ్లెయర్‌లో ఉంది. ఆ బృందాన్ని నడిపిన భారతి ప్రసాద్, ఆమె తోటివాళ్లు అండమాన్ నుంచి దేశానికి కబుర్లు చేరవేశారు. ఆ సంస్థను 1983లో ఎస్. సూరి స్థాపించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడూ సెల్ టవర్లు పనిచేయక హ్యామ్ సెట్ల అవసరం పడింది. తీరాన్ని ఊపేసిన ఆ తుఫాను బలం తగ్గుతూ మళ్లింది మాత్రం దక్షిణ ఛత్తీస్‌గఢ్ వైపుకే.

ఈ కబుర్లలో ఎక్కువ భాగం గొంతు మీదే సాగుతుంది. గొంతుకు సాటి లేని బలం ఉంది, ఒక బలహీనత కూడా ఉంది. పేర్లు, వయసులు, ఫోన్ నంబర్లు, మందుల జాబితాలు గొంతుతో చదివితే తప్పులు దొర్లుతాయి. యాభై పేర్ల జాబితాను రొదలో చదివి, రాసుకుని, మళ్లీ చదివి సరిచూసుకోవడానికి చాలాసేపు పడుతుంది. ప్యాకెట్‌లో ప్రతి తునకకూ చివర 16 బిట్ల తనిఖీ సంఖ్య ఉంటుంది. ఒక్క బిట్ చెడినా అవతలి యంత్రం ఆ తునకను పారేస్తుంది. వచ్చిందంటే సరిగ్గా వచ్చినట్టే. జాబితాలకు కావలసింది ఇదే.

అసలు ప్యాకెట్ అంటే ఏమిటో కొద్దిగా చెప్పుకుందాం. రేడియో మీద కంప్యూటర్లను కలపడం 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఏబ్రమ్సన్ బృందం నడిపిన అలోహానెట్‌తో మొదలైంది. హ్యామ్‌ల చేతికి అది 1978లో కెనడాలో వచ్చింది. కొన్నేళ్లకు ఏఎక్స్.25 అనే ఒడంబడిక కుదిరింది. ఇవాళ్టికీ వాడుతున్నది దాన్నే. సందేశాన్ని చిన్న తునకలు చేసి, ప్రతి తునక మీదా పంపేవారి కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు), అందుకునేవారి కాల్‌సైన్ రాసి, చివర తనిఖీ సంఖ్య అంటించి పంపడమే దాని సారం. పంపే తీరు రెండు రకాలు. మొదటిది కనెక్షన్ పెట్టుకుని మాట్లాడటం, అంటే ఒకప్పటి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జతచేసిన రిజిస్టర్డ్ పోస్టు లాంటిది. రెండోది పోస్టుకార్డు వేసినట్టు ఊరికే పంపేయడం. దీన్ని యూఐ తునక అంటారు. స్థానం, వాతావరణం చెప్పే ఏపీఆర్ఎస్ అంతా ఈ రెండో తీరులోనే నడుస్తుంది.

మీ బల్ల మీద ఈ పని చేయడానికి మూడు వస్తువులు కావాలి: రేడియో సెట్, మోడెమ్, టెర్మినల్. ఒకప్పుడు మోడెమ్ అంటే టీఎన్‌సీ అనే చిన్న పెట్టె. 1980లలో అమెరికాలోని టక్సన్ హ్యామ్‌ల బృందం తయారుచేసిన టీఎన్‌సీ-2 నమూనానే ప్రపంచమంతా అనుసరించింది. ఇప్పుడా పెట్టె పనిని కంప్యూటర్ సౌండ్ కార్డే చేస్తుంది. 1200 హెర్ట్జ్, 2200 హెర్ట్జ్ అనే రెండు స్వరాలను సెకనుకు 1200 బిట్ల వేగంతో మార్చుతూ పలకడం, వినడం దాని పని. టెర్మినల్ మీరు టైప్ చేసే, చదివే తెర మాత్రమే. రేడియో సంగతి దానికి తెలియదు, మోడెమ్‌తోనే మాట్లాడుతుంది. కొత్తవాళ్ల చిక్కుల్లో సగం ఇక్కడే పుడతాయి. టెర్మినల్‌లో ఏమీ కనబడకపోతే టెర్మినల్‌నే మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. తప్పు మాత్రం రెండు పొరల కింద ఆడియో తీగలో ఉంటుంది.

వీటన్నిటికంటే ముందు లైసెన్సు. దేశంలో హ్యామ్ లైసెన్సు ఇచ్చేది కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. పరీక్షకు దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో చేసుకోవాలి. పన్నెండేళ్లు నిండినవారు రాయొచ్చు. లైసెన్సు రాకముందు వినడం వరకే ఆగండి, ప్రసారం చేసే మీట మీద చెయ్యి వేయకండి. ఈ మాట ఎక్కడైనా చెప్పాల్సిందే, బస్తర్‌లో మరీ గట్టిగా చెప్పాలి. దశాబ్దాలుగా సాయుధ ఘర్షణ చూసిన ప్రాంతమిది. చేతిలో వైర్‌లెస్ సెట్, ఇంటి మీద యాంటెన్నా కనిపిస్తే ప్రశ్నలు రావడం సహజం. లైసెన్సు నకలు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి. యాంటెన్నా ఎత్తే ముందే స్థానిక పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పి, ఆ కాగితం మీద రశీదు తీసుకోవడం మంచిది. లైసెన్సు ఏ రకాల ప్రసారాలకు అనుమతిస్తుందో చదువుకుని, డేటా పంపడం అందులో ఉందని ఖాయం చేసుకోవాలి. రహస్య లిపిలో సందేశాలు, వ్యాపారపు కబుర్లు హ్యామ్ రేడియోలో నిషిద్ధం. ప్యాకెట్‌లో మీరు రాసే ప్రతి అక్షరమూ ఎవరైనా చదవగలిగేలానే పోతుంది, అలాగే పోవాలి కూడా.

ఇక తీగల పొర. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే ఏ ఎఫ్‌ఎం సెట్ అయినా సరిపోతుంది. ఐదు వాట్ల హ్యాండ్‌సెట్‌తో మొదలుపెట్టొచ్చు. సెట్‌కీ కంప్యూటర్‌కీ మధ్య మూడు దారులు కావాలి: సెట్ స్పీకర్ నుంచి కంప్యూటర్ మైక్‌లోకి, కంప్యూటర్ ఆడియో నుంచి సెట్ మైక్‌లోకి, ఇంకా ప్రసారం ఆన్ చేసే పీటీటీ తీగ. సిగ్నాలింక్, డిజిరిగ్ లాంటి తయారు పెట్టెలు దొరుకుతాయి. కుదరకపోతే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, రెండు 600 ఓమ్ ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు, పీటీటీ కోసం ఒక ఆప్టోకప్లర్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్లు దండగ ఖర్చు కాదు. కంప్యూటర్ గ్రౌండ్‌కీ సెట్ గ్రౌండ్‌కీ మధ్య నేరు బంధం తెంచి, గుంయ్ మనే హమ్‌ను ఆపేది అవే.

కంప్యూటర్‌లో ఉన్న సౌండ్ కార్డును దీనికి వాడకండి. అది పాటలకు, సినిమాలకు ఉండనివ్వండి. లేకపోతే ఈమెయిల్ వచ్చినప్పుడు మోగే గంట కూడా గాలిలోకి ప్రసారమైపోతుంది. విండోస్‌లో ఆ యూఎస్‌బీ కార్డుకు సంబంధించిన నాయిస్ సప్రెషన్, ఆటోమేటిక్ గెయిన్, సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్ లాంటివన్నీ ఆపేయాలి. మనిషి గొంతును మెరుగుపరచడానికి పెట్టిన ఆ సదుపాయాలు మోడెమ్ స్వరాలను పాడుచేస్తాయి. హ్యాండ్‌సెట్‌లో బ్యాటరీ సేవర్ ఉంటే అదీ ఆపాలి. సేవర్ ఆన్‌లో ఉన్న సెట్ మధ్యమధ్యలో కునుకు తీస్తుంది, అది మేలుకునేలోపు ప్యాకెట్ మొదటి భాగం పోతుంది. మొదలు పోతే మొత్తం పోయినట్టే. సిగ్నల్ లేనప్పుడు రొదను మూసేసే స్క్వెల్చ్‌ను కూడా పూర్తిగా తెరిచి ఉంచితే మేలు. రొద వినడం చెవులకు కష్టమే గానీ మోడెమ్‌కు కష్టం కాదు. రొదలోంచి ప్యాకెట్‌ను ఏరడమే దాని పని.

మోడెమ్ సాఫ్ట్‌వేర్‌గా నేను మొదట చెప్పేది డైర్‌వుల్ఫ్. అమెరికా హ్యామ్ జాన్ లాంగ్‌నర్ రాసిన ఈ ఉచిత ప్రోగ్రామ్ లైనక్స్‌లోనూ విండోస్‌లోనూ నడుస్తుంది. రాస్ప్‌బెర్రీ పై మీదైనా, పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ వేసుకునైనా, ప్యాకేజీల జాబితా నుంచి ఒక్క ఆదేశంతో దింపుకోవచ్చు. నెట్ సరిగా లేని చోట ఇది చిన్న సంగతి కాదు. ప్యాకేజీనీ దాని మార్గదర్శక పత్రాలనూ ఒకసారి దింపి పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటే, తర్వాత నెట్‌తో పని లేదు. విండోస్ మాత్రమే తెలిసినవాళ్లు యూజెడ్7హెచ్ఓ కాల్‌సైన్ గల హ్యామ్ రాసిన సౌండ్‌మోడెమ్‌ను వాడొచ్చు. అన్నీ బొమ్మల మెనూల్లోనే ఉంటాయి.

ఇన్‌స్టాల్ అయిన వెంటనే రేడియో తగిలించకండి. డైర్‌వుల్ఫ్‌తో పాటు రెండు చిన్న పనిముట్లు వస్తాయి. ఒకటి ప్యాకెట్ల శబ్దాన్ని తయారుచేసి ఆడియో ఫైల్‌గా రాస్తుంది, దాని పేరు జెన్‌ప్యాకెట్స్. ఇంకొకటి ఆ ఫైల్‌ను విని డీకోడ్ చేస్తుంది, దాని పేరు ఏటెస్ట్. కొద్దికొద్దిగా రొద పెంచుతూ వంద ప్యాకెట్లు తయారుచేయించి, ఎన్నింటిని పట్టుకుందో చూడండి. రేడియో లేదు, తీగ లేదు, అయినా మోడెమ్ బాగానే ఉందని మీ చేతికి రుజువు వచ్చేసింది. ఇక ముందు ఏదైనా పనిచేయకపోతే తప్పు ఈ పొరలో లేదని ధైర్యంగా అనుకోవచ్చు.

తర్వాత కన్ఫిగరేషన్ ఫైల్. చాలా పొడుగ్గా కనిపిస్తుంది గానీ అందులో ఎక్కువ భాగం వివరణలే, మీరు మార్చాల్సింది గట్టిగా ఐదు వరుసలు: ఏ సౌండ్ కార్డు, మీ కాల్‌సైన్, మోడెమ్ వేగం 1200, పీటీటీ ఏ పోర్టు మీద, టెర్మినల్ కోసం ఏ పోర్టు తెరవాలి. సౌండ్ కార్డు దగ్గర ఒక ఉచ్చు ఉంది. రాస్ప్‌బెర్రీ పైలో ఆడియో లోపలికి వచ్చే దారే ఉండదు, కాబట్టి యూఎస్‌బీ కార్డు తప్పనిసరి. లైనక్స్ ఆ కార్డుకు సున్నా, ఒకటి, రెండు అని అంకె ఇస్తుంది. కరెంటు పోయి వచ్చాక ఆ అంకె మారిపోవచ్చు. నిన్న పనిచేసింది ఇవాళ ఎందుకు పనిచేయదో అర్థంకాక తలపట్టుకోవడం కంటే, అంకె బదులు కార్డు పేరునే ఫైల్‌లో రాయడం నయం. లైనక్స్‌లో మీ యూజర్‌ని ఆడియో, డయల్‌ఔట్ అనే రెండు గుంపుల్లో చేర్చకపోతే సౌండ్ కార్డు గానీ పీటీటీని నడిపే సీరియల్ పోర్టు గానీ తెరుచుకోదు. ఇదీ గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు వినే పొర. చుట్టుపక్కల ప్యాకెట్ స్టేషన్ లేదనుకుంటే ఏం వింటాం? తల ఎత్తి వింటాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో హ్యామ్ రేడియో ఉంది. అది ప్యాకెట్ మోడ్‌లో ఉన్నప్పుడు 145.825 మెగాహెర్ట్జ్ మీద ఇతరుల ప్యాకెట్లను అందుకుని తిరిగి ప్రసారం చేస్తుంది. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ జగదల్‌పూర్ ఆకాశం మీదుగా రోజుకు కొన్ని సార్లు వెళుతుంది. బాగా ఎత్తుగా వెళ్లినప్పుడు దాదాపు పది నిమిషాలు అందుతుంది. కేశ్‌కాల్ ఘాట్ గానీ కోరాపుట్ కొండలు గానీ దానికి అడ్డురావు. దల్పత్ సాగర్ గట్టు లాంటి బహిరంగ ప్రదేశంలో నిలబడితే హ్యాండ్‌సెట్‌కూ అందుతుంది. వేగం వల్ల ఫ్రీక్వెన్సీ మూడు కిలోహెర్ట్జ్ పైచిలుకు అటూ ఇటూ జరుగుతుంది గానీ, ఎఫ్‌ఎం సెట్ దాన్ని ఓర్చుకుంటుంది. అంతరిక్ష కేంద్రం వచ్చే వేళలు ముందుగానే లెక్కగట్టే ఉచిత ప్రోగ్రాములున్నాయి. ఒక్కోసారి అది గొంతు రిపీటర్ మోడ్‌లోకి మారి ఉంటుంది. ఆ రోజు ప్యాకెట్లు వినపడవు, తప్పు మీది కాదు.

ప్యాకెట్ దొరికినప్పుడు డైర్‌వుల్ఫ్ దాని పక్కన ఆడియో స్థాయిని అంకెలో చూపిస్తుంది. అది 50 దరిదాపుల్లో ఉండేలా సెట్ వాల్యూమ్ సర్దండి. ఆ అంకె పక్కన బ్రాకెట్‌లో ఇంకో రెండు అంకెలు ఉంటాయి. తక్కువ స్వరం ఎంత, ఎక్కువ స్వరం ఎంత అని. రెండూ ఇంచుమించు సమానంగా ఉంటే మంచిది. రెండోది బాగా తక్కువగా ఉంటే మీ సెట్ స్పీకర్ దారి ఎక్కువ స్వరాన్ని అణచేస్తోందని అర్థం. చెవికి హాయిగా ఉండటం కోసం సెట్ తయారీదారులు చేసే పని అది. డైర్‌వుల్ఫ్ కొంతవరకు దాన్ని సర్దుకుంటుంది. సెట్‌కు డేటా జాక్ ఉంటే అక్కడి నుంచి ఆడియో తీసుకోవడం మరింత శ్రేష్ఠం.

వినడం కుదిరాక, లైసెన్సు చేతిలో ఉంటే, ప్రసారం. హ్యాండ్‌సెట్లలో వాక్స్ అనే సదుపాయం ఉంటుంది, శబ్దం వినగానే దానికదే ప్రసారం మొదలుపెడుతుంది. పీటీటీ తీగ కట్టే పని తప్పుతుందని కొందరు దానితో సరిపెట్టుకుంటారు. నా మాట వినండి, ఆ దారిలోకి పోకండి. వాక్స్ నిదానంగా మేలుకుంటుంది, శబ్దం ఆగాక కూడా సెట్ ప్రసారంలోనే ఉండిపోతుంది. అవతలి స్టేషన్ జవాబిచ్చే సరికి మీ సెట్ ఇంకా చెవులు మూసుకునే ఉంటుంది. ఇంకో జాగ్రత్త: కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు సీరియల్ పోర్టు మీది తీగ క్షణంపాటు పైకి లేచి సెట్‌ను ప్రసారంలోకి నెట్టొచ్చు. కాబట్టి ముందు కంప్యూటర్, తర్వాత సెట్ ఆన్ చేయడం అలవాటు చేసుకోండి.

టెక్స్‌డిలే అనే సంఖ్య పీటీటీ నొక్కాక అసలు డేటా మొదలయ్యేలోపు ఎంత ఆగాలో చెబుతుంది. డైర్‌వుల్ఫ్‌లో దాని కొలత పది మిల్లీసెకన్లు, 30 అని రాస్తే 300 మిల్లీసెకన్లు. సాధారణ సెట్లకు అది సరిపోతుంది. మరీ తగ్గిస్తే మీ సెట్ పూర్తి బలం అందుకునేలోపే తల తెగిన ప్యాకెట్ పోతుంది. ప్రసార స్థాయి విషయంలో కొత్తవాళ్లంతా ఒకే వైపు తప్పుతారు: గట్టిగా పంపితే బాగా అందుతుందనుకుని ఆడియో పెంచేస్తారు. ఎఫ్‌ఎంలో అలా కాదు. ఒక హద్దు దాటాక సెట్ స్వరాల శిఖరాలను నరికేస్తుంది, సిగ్నల్ బలంగా ఉన్నా డీకోడ్ కాదు. మూడు నుంచి మూడున్నర కిలోహెర్ట్జ్ డీవియేషన్ చాలు. కొలిచే యంత్రం లేకపోతే రెండో హ్యాండ్‌సెట్‌ను ఇంకో ల్యాప్‌టాప్‌కు తగిలించి అవతలి గదిలో పెట్టండి. అతి తక్కువ పవర్‌తో పంపుతూ ఆడియోను సున్నా నుంచి మెల్లగా పెంచండి. డీకోడ్ నిలకడగా మొదలైన చోటుకు కాస్త పైన ఆపండి. అదే మీ సాక్షి.

ఇప్పటికి టెర్మినల్ వంతు వచ్చింది. ఇంత దూరం వచ్చాక దానికి పట్టే సమయం తక్కువ. జీ8బీపీక్యూ కాల్‌సైన్‌తో పేరుపొందిన బ్రిటిష్ హ్యామ్ జాన్ వైజ్‌మన్ రాసిన క్యూటీటెర్మ్‌టీసీపీ లైనక్స్‌కూ విండోస్‌కూ దొరుకుతుంది. సెటప్ మెనూలో ఏజీడబ్ల్యూ అనే విభాగం తెరిచి నాలుగు గళ్లు నింపాలి: మీ కాల్‌సైన్, హోస్ట్ దగ్గర 127.0.0.1, పోర్టు దగ్గర 8000, ప్యాకెట్ పొడవు. 127.0.0.1 అంటే మోడెమ్ ఇదే కంప్యూటర్‌లో ఉందని. మోడెమ్ రాస్ప్‌బెర్రీ పైలో, టెర్మినల్ ల్యాప్‌టాప్‌లో ఉంటే అక్కడ పై చిరునామా రాయాలి. డైర్‌వుల్ఫ్, సౌండ్‌మోడెమ్ రెండూ 8000 పోర్టునే అడుగుతాయి. రెండూ ఒకేసారి నడిపితే కలహమే.

కాల్‌సైన్ వెనక గీత పెట్టి 0 నుంచి 15 దాకా ఒక అంకె రాయొచ్చు. ఒకే కాల్‌సైన్ మీద మీకు టెర్మినల్ ఒకటి, మెయిల్‌బాక్స్ ఒకటి ఉంటే వాటిని వేరుచేసేది ఆ అంకే. చిరునామా కనెక్షన్‌కు ప్రాణం, కాబట్టి మోడెమ్‌లో ఒకటీ టెర్మినల్‌లో ఇంకొకటీ రాసి గందరగోళం తెచ్చుకోకండి.

ముందుగా మానిటర్ కిటికీ తెరిచి ఉంచండి. మోడెమ్ విన్న ప్రతి తునకా అక్కడ కనబడుతుంది. కనెక్ట్ కొట్టగానే మీ వైపు నుంచి ఎస్ఏబీఎం అనే పిలుపు పోతుంది. అవతలి స్టేషన్ ఒప్పుకుంటే యూఏ, ఒప్పుకోకపోతే డీఎం వస్తుంది. సందేశం అందిందని చెప్పే రశీదు ఆర్‌ఆర్. మీ పిలుపు పదే పదే పోతూ జవాబే లేకపోతే వాళ్లకు మీరు వినపడటం లేదు, లేదా వాళ్లు మీకు వినపడటం లేదు. డీఎం వచ్చిందంటే సంతోషించండి, రేడియో దారి రెండు వైపులా బాగానే ఉంది, సమస్య అవతలి స్టేషన్ అమరికలో ఉంది. పాత టీఎన్‌సీ పెట్టెలతో కలిసేటప్పుడు ఇంకో సంగతి ఉంది. డైర్‌వుల్ఫ్ మొదట ఏఎక్స్.25 కొత్త సంస్కరణతో పిలిచి, జవాబు లేకపోతే పాతదానికి దిగుతుంది. అవతలిది పాత పెట్టె అని తెలిస్తే దాని కాల్‌సైన్‌ను కన్ఫిగరేషన్‌లో వీ20 అనే వరుసలో రాయండి, ఆలస్యం తగ్గుతుంది.

ప్యాకెట్ పొడవు ఎంత ఉండాలి? 128 బైట్ల సందేశానికి చిరునామాలూ తనిఖీ సంఖ్యా కలిపి ఇంకో 20 బైట్లు తోడవుతాయి. మొత్తం 1184 బిట్లు, అంటే గాలిలో దాదాపు ఒక సెకను, టెక్స్‌డిలే అదనం. 256 పెడితే టెక్స్‌డిలేతో కలిపి రెండు సెకన్లు పైమాటే. దారి శుభ్రంగా ఉంటే పెద్దది లాభం, రొదగా ఉంటే చిన్నది లాభం, ఎందుకంటే ఒక్క బిట్ చెడినా మొత్తం తునక మళ్లీ పంపాలి. బలహీనమైన దారి మీద 64తో, రశీదు రాకుండా పంపే తునకల సంఖ్య ఒకటితో మొదలుపెట్టి, బాగుంటే పెంచుకుంటూ పోవడం నా సలహా. రశీదు కోసం ఆగే సమయం మూడు నాలుగు సెకన్లకు తగ్గకూడదు. మధ్యలో ప్యాకెట్‌ను విని తిరిగి పలికే డిజిపీటర్ స్టేషన్ ఉంటే రెట్టింపు కావాలి. అసహనంతో దాన్ని తగ్గించినవాళ్లు అవతలివాళ్ల రశీదు మీదే తమ ప్యాకెట్‌ను ఢీకొట్టిస్తారు.

మన లిపి సంగతి విడిగా చెప్పాలి, ఇంగ్లిష్ మార్గదర్శకాల్లో ఇది దొరకదు. ఏఎక్స్.25 ఏ బైట్‌నైనా మోస్తుంది, కాబట్టి తెలుగు పంపొచ్చు. బస్తర్‌లో దేవనాగరిలో రాసే హల్బీ, గోండీ కూడా పంపొచ్చు. పాత టీఎన్‌సీ అయితే అక్షరానికి ఏడు బిట్లే ఉంచే అమరికను ఎనిమిదికి మార్చాలి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కోదానికి మూడు బైట్లు, గుణింతపు గుర్తుకూ మూడు, పొల్లుకూ మూడు. "వంతెన మునిగింది" అన్న మాట 43 బైట్లు. అదే ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే 17. వినడానికి తేడా పెద్దదే గానీ, 1200 వేగంతో 26 బైట్లంటే సెకనులో ఆరోవంతు. ఆ మాత్రానికి మన లిపిని వదులుకోవాల్సిన పని లేదు. ఏపీఆర్ఎస్ సందేశానికి మాత్రం 67 అక్షరాల గరిష్ఠ హద్దు ఉంది. దాన్ని బైట్లుగా లెక్కవేసుకుంటే తెలుగులో 22 గుర్తులకు అయిపోతుంది, అక్కడ ఇంగ్లిష్ అక్షరాలే దిక్కు.

చిక్కు వేరే చోట వస్తుంది. 128ని మూడుతో భాగిస్తే నిశ్శేషంగా పోదు. పొడుగాటి వాక్యం రాస్తే ప్యాకెట్ అంచు ఒక అక్షరాన్ని మధ్యలో నరుకుతుంది. ప్యాకెట్‌కు ప్యాకెట్ విడిగా చూపే టెర్మినల్ అక్కడ పిచ్చి గుర్తులు చూపిస్తుంది. విరుగుడు సులభం. టెర్మినల్ ఎంటర్ కొట్టినప్పుడే పంపుతుంది కాబట్టి, వరుసకు ముప్పై గుర్తులు (పొడవు 64 పెట్టుకుంటే ఇరవై) దాటకుండా రాసి ఎంటర్ కొట్టండి. అంకెలు, కాల్‌సైన్లు, ఫోన్ నంబర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచితే అవతల ఏ తెర మీదైనా చదవొచ్చు. బస్తర్‌లో చదవడం రాని పెద్దవాళ్లు చాలామంది. ఈ నేల మీదే 2010లో శుభ్రాంశు చౌధరి చొరవతో మొదలైన సీజీనెట్ స్వర ఫోన్‌లో గొంతునే నమ్ముకోవడానికి అదొక కారణం. ప్యాకెట్ వాళ్లకు నేరుగా మాట్లాడే సాధనం కాలేదు. వాళ్ల మాటను రాసి తప్పు లేకుండా దాటించే ఆపరేటర్ చేతిలోని పనిముట్టు అది.

ఇక దూరం. యాంటెన్నా పది మీటర్ల ఎత్తులో ఉంటే రేడియో దిగంతం దాదాపు 13 కిలోమీటర్లు, అవతలా అంతే ఉంటే 26. ఆ లెక్కన నగర్‌నార్ అందుతుంది, చిత్రకోట్ అందడం కష్టం. కొండ మీద డిజిపీటర్ ఉంటే కథ మారుతుంది. కోరాపుట్ జిల్లాలోని దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం, 1672 మీటర్లు. అక్కడి నుంచి జగదల్‌పూర్ నేరుగా 110 కిలోమీటర్ల దూరం, విశాఖపట్నమూ ఇంచుమించు అంతే. జగదల్‌పూర్ పీఠభూమి కంటే ఆ శిఖరం పదకొండు వందల మీటర్లు ఎత్తు, దిగంతం 137 కిలోమీటర్లు వస్తుంది. కాగితం మీద చూస్తే ఒక్క శిఖరం నుంచి బస్తర్‌కూ విశాఖ తీరానికీ చూపు ఆనుతోంది. మధ్యలో అరకు వైపు గాలికొండ లాంటి కొండలు అడ్డొస్తాయేమో నేల మట్టాల పటం మీద గీసి చూడాలి, ఆ తర్వాత సెట్ పట్టుకెళ్లి వినాలి. రిపీటర్‌కు విడిగా అనుమతి, ఒడిశా అధికారుల సమ్మతి కావాలి. విశాఖ, కోరాపుట్, జగదల్‌పూర్ హ్యామ్‌లు కలిసి తలపెట్టదగ్గ పని ఇది. నాకైతే ఇంతకంటే ఉపయోగపడే ఉమ్మడి ప్రయత్నం ఈ ప్రాంతంలో కనిపించడం లేదు.

అక్కడ పెట్టేది ఒట్టి డిజిపీటర్ కాకుండా నోడ్ అయితే మేలు. ఒక్కో అంచెలో ప్యాకెట్ అందే అవకాశం 80 శాతం అనుకోండి. డిజిపీటర్ ఊరికే తిరిగి పలుకుతుంది, రశీదు మాత్రం చివరి స్టేషన్ నుంచే రావాలి. పోనూ రెండు అంచెలు, రానూ రెండు అంచెలు గెలవాలి, అవకాశం 41 శాతానికి పడిపోతుంది. నోడ్ ప్రతి అంచెలోనూ తనే రశీదు ఇస్తుంది, అప్పుడు ఒక్కో అంచెకు 64 శాతం. జాన్ వైజ్‌మన్ రాసిన లిన్‌బీపీక్యూ రాస్ప్‌బెర్రీ పై మీదే ఈ నోడ్ పని, మెయిల్‌బాక్స్ పని రెండూ చేస్తుంది.

అది కుదిరేదాకా అంతరిక్ష కేంద్రమే మీ పరీక్షాధికారి. లైసెన్సు అనుమతిస్తే అది వచ్చే వేళకు టెర్మినల్‌లో యూఐ తునక ఒకటి సిద్ధం చేసుకుని, దారి గడిలో దాని డిజిపీటర్ పేరు ఏఆర్ఐఎస్ఎస్ అని రాసి, ఒక్కసారి పంపి ఆగండి. ఒక ఖండం మీది హ్యామ్‌లంతా ఆ ఒక్క ఛానెల్‌నే పంచుకుంటారు. నాలుగైదుసార్లు వరసగా కొడితే వాళ్ల ప్యాకెట్లు చెడతాయి. మానిటర్‌లో మీ కాల్‌సైన్ మళ్లీ కనబడి, డిజిపీటర్ పేరు పక్కన నక్షత్రం గుర్తు ఉంటే మీ ప్యాకెట్ పైకి వెళ్లి తిరిగి వచ్చిందన్నమాట. వినే పొర, పంపే పొర, టెర్మినల్ అన్నీ ఒక్క వరుసలో తేలిపోతాయి. ఆ రోజే కన్ఫిగరేషన్ ఫైల్‌ను, సెట్ వాల్యూమ్ గుర్తును, కంప్యూటర్ మిక్సర్‌లోని ఆడియో స్థాయిల అంకెలను కాగితం మీద రాసి సెట్ పక్కన అంటించండి. తర్వాత కరెంటు తీసేసి, 12 వోల్టుల బ్యాటరీ మీద స్టేషన్ మొత్తాన్ని మళ్లీ మొదటి నుంచి లేపి చూడండి. ఇంద్రావతి పొంగే వానాకాలానికి ముందు, ఇంట్లో కనీసం ఇద్దరికి ఆ కాగితం చూసి స్టేషన్ నడపడం రావాలి. ఆ రెండోవారికీ లైసెన్సు ఉండాలి.